అచ్చు కొనే ముందు బ్యారెల్ కొలవండి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట భోజనాలు ముగించుకుని, సీసం కరిగించడం గురించి వినడానికి ఇంతమంది కూర్చున్నారంటే సంతోషంగానే ఉంది, కొంచెం ఆశ్చర్యంగానూ ఉంది. వెనక కుర్చీలవాళ్లు ముందుకు వస్తే బాగుంటుంది. చేతిలో పట్టుకుని చూపించాల్సిన వస్తువులు కొన్ని తెచ్చాను.

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను. ఈ హాల్లో సగం మంది ఇంకా గ్రీన్ కార్డు లైన్లోనే ఉన్నారని నాకు తెలుసు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌ని అడిగి తెలుసుకోండి, వాట్సాప్ గ్రూపును అడగొద్దు. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లు సొంత వాడకానికి తూటాలు తయారు చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మకానికి తయారు చేస్తే మాత్రం కావాలి. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి. కాలిఫోర్నియాలో ఐతే 2019 జూలై 1 నుంచి వేటకు సీసం గుండ్లు పూర్తిగా నిషేధం.

ఇంకో మాట. వీటిలో ఏదీ సూట్‌కేసులో పెట్టుకుని ఇండియాకి తీసుకెళ్లకండి. మన 1959 ఆయుధాల చట్టంలో అమ్యునిషన్ అనే నిర్వచనం కిందకే దాని విడిభాగాలు, దాన్ని తయారు చేసే యంత్రాలు కూడా వస్తాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ అధికారికి "ఇది నా హాబీ అండీ" అని చెప్పుకునే పరిస్థితి మీకు రాకూడదు.

సరే, విషయానికి వద్దాం. నేను గుండు అన్నప్పుడల్లా ముందుకు దూసుకెళ్లే సీసం ముక్క అని అర్థం చేసుకోండి. తూటా అంటే ఇత్తడి కేసు, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే ప్రైమరు, మందు, గుండు నాలుగూ కలిపినది. ఇవాళ మాట్లాడేది గుండు పోసే అచ్చు గురించే. మందు ఎంత వేయాలి అన్నది నేను చెప్పను. అది అచ్చయిన రీలోడింగ్ పుస్తకంలో చూసి వేయాల్సిందే, ఎవరి నోటి మాట మీదా వేసేది కాదు.

కొత్తగా ఈ సరదా పట్టినవాళ్లు ఫోన్ చేసి మొదట అడిగేది "ఏ కంపెనీ అచ్చు మంచిది?" అని. రెండో ప్రశ్న "ఎన్ని గ్రెయిన్ల బరువు తీసుకోమంటారు?" అని. మీ బ్యారెల్ లోపలి కొలత ఎంత అని నేను అడిగితే అవతల నిశ్శబ్దం. నా దృష్టిలో అచ్చుని కేటలాగు చూసి ఎంచుకోకూడదు. మీ దగ్గరున్న ఆ ఒక్క రైఫిల్‌ని కొలిచి ఎంచుకోవాలి.

పాత రోజుల్లో ఈ గొడవ ఉండేది కాదు. పెన్సిల్వేనియాలో తుపాకీలు చేసే పనివాడు బ్యారెల్ తయారయ్యాక, దానికి సరిపోయే అచ్చు కూడా తనే చేసి తుపాకీతో పాటు ఇచ్చేవాడు. అప్పట్లో ఏ రెండు తుపాకులూ ఒక కొలతలో ఉండేవి కావు, కాబట్టి తుపాకీకి దాని అచ్చు దానికే. ఫ్యాక్టరీలు వచ్చి కొలతలకు పేర్లు పెట్టాక, పేరు ఒకటైతే కొలత కూడా ఒకటే అని మనం నమ్మడం మొదలుపెట్టాం. కనెటికట్‌లో జాన్ బార్లో 1884లో ఐడియల్ అనే కంపెనీ పెట్టి అచ్చులు చేసి అమ్మాడు. దాన్ని 1925లో లైమన్ కంపెనీ కొనేసింది. ఇవాళ లైమన్ అచ్చు మీద కనిపించే అంకెల పద్ధతి ఆ ఐడియల్ వారసత్వమే. ఉదాహరణకి 314299 అని ఉంటే మొదటి మూడంకెలు వ్యాసం, అంటే 0.314 అంగుళాలు. తర్వాతి మూడూ డిజైన్ నంబరు.

ఉదాహరణగా ఒక రైఫిల్ తీసుకుంటాను, మీ అందరికీ పేరు తెలిసిందే. త్రీ నాట్ త్రీ. మన పోలీస్ స్టేషన్ల ముందు సెంట్రీ భుజాన చూస్తూ పెరిగాం కదా, ఆ లీ-ఎన్‌ఫీల్డ్. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైనవి కూడా సర్‌ప్లస్ కింద అమెరికాకి చాలా వచ్చాయి. నా దగ్గర ఉన్నదాని మీద ఆర్‌ఎఫ్‌ఐ అనే ముద్ర ఉంది. మన ఊరి సరుకు అని కొంచెం మమకారంతోనే కొన్నాను. గుండ్లు పోసేవాళ్ల ఓపికకి ఇంతకంటే పెద్ద పరీక్ష పెట్టే రైఫిల్ లేదు.

ఎందుకంటే 0.303 అన్న అంకె గట్టు నుంచి గట్టుకి ఉన్న కొలత. బ్యారెల్ లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి, రెండు గాడుల మధ్య ఎత్తుగా ఉండేది గట్టు. గుండు నిండాల్సింది గాడి అడుగు దాకా. ఫ్యాక్టరీ రాగి తొడుగు గుండ్లు 0.311, 0.312 దగ్గర ఉంటాయి, అందుకని చాలామంది 0.312 అచ్చు కొనేస్తారు. కానీ ఈ రైఫిళ్లలో గాడి కొలత 0.312 నుంచి 0.316 దాకా, అరిగినవాటిలో ఇంకా పైకి కూడా కనిపిస్తుంది. యుద్ధకాలంలో తొందరగా చేసినవి కొన్ని. పైగా ఆ రోజుల్లో వాడిన కార్డైట్ మందు వేడికి గొంతు దగ్గర ఇనుము తినేసుకుపోయినవి ఇంకొన్ని.

రాగి తొడుగు గుండు రెండు మూడు థౌలు చిన్నదైనా ఏదో విధంగా సర్దుకుపోతుంది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. సీసం గుండు సర్దుకోదు. గాడికీ గుండుకీ మధ్య సందు ఉంటే మండుతున్న గ్యాస్ అందులోంచి దూరి గుండు పక్కలని కోసేస్తుంది. ఆ కరిగిన సీసం బ్యారెల్‌కి అతుక్కుంటుంది. పది రౌండ్లు కాల్చేసరికి బ్యారెల్‌లో సీసం పట్టేసి, గుండ్లు టార్గెట్ మీద పక్కకి తిరిగి తగులుతుంటాయి. గుండ్రటి చిల్లు పడాల్సిన చోట తాళంచెవి కన్నం లాంటి చిల్లు పడుతుంది. అప్పుడు చాలామంది చేసే పని, సీసం మెత్తగా ఉందనుకుని ఇంకా గట్టి లోహం కలపడం. దానివల్ల కొన్నిసార్లు పరిస్థితి ఇంకా చెడుతుంది. గట్టి గుండు ఒత్తిడికి కాస్త ఉబ్బి సందు మూసుకోవడం కూడా మానేస్తుంది. అసలు రోగం వ్యాసంలో ఉంటే మందు లోహంలో వెతుకుతారు.

అందుకని మొదట బ్యారెల్ స్లగ్ చేయండి, అంటే మెత్తని సీసం ముక్కని అందులోంచి తోసి లోపలి కొలత తీయండి. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బోల్ట్ తీసి పక్కన పెట్టండి. బ్యారెల్ లోపల పల్చగా నూనె పట్టించండి. చేపల గాలానికి కట్టే మెత్తని సీసం గుండు, బ్యారెల్ కంటే కాస్త లావుది తీసుకుని మూతి దగ్గర పెట్టి, చెక్క సుత్తితో మెల్లగా లోపలికి కొట్టండి. తర్వాత ఇత్తడి కడ్డీతో అటు చివరి దాకా తోయండి. తోసేటప్పుడు చేతికి తెలుస్తుంది, ఎక్కడ బిగువుగా ఉంది, ఎక్కడ ఒక్కసారిగా వదులైంది అని. బయటికి వచ్చిన ముక్క మీద బ్యారెల్ అచ్చు తిరగేసి పడి ఉంటుంది. గాడి ఉన్న చోట ఎత్తు, గట్టు ఉన్న చోట పల్లం.

ఇదిగో, ఇది నా ఇషాపూర్‌లోంచి తోసింది. చేతులు మారుస్తూ చూడండి, తర్వాత చేతులు కడుక్కోండి. దీన్ని మైక్రోమీటర్‌లో పెట్టి చూస్తే కొలత తప్పు వస్తుంది. ఎన్‌ఫీల్డ్ బ్యారెల్‌కి ఐదు గాడులు. బేసి సంఖ్య కాబట్టి ఒక ఎత్తుకి సరిగ్గా ఎదురుగా పల్లం వస్తుంది. మైక్రోమీటర్ ఒక దవడ ఎత్తు మీద, రెండోది పల్లం దగ్గర ఉండి అసలు కంటే తక్కువ చూపిస్తుంది. ఆ తక్కువ అంకె చూసి అచ్చు కొంటే డబ్బు వృథా. పల్చటి షిమ్ రేకుని ముక్క చుట్టూ బిగించి చుట్టి కొలిచి, రేకు మందం రెండింతలు తీసేయండి. వి ఆకారం ఉన్న ప్రత్యేక మైక్రోమీటర్ ఉంటే ఇంకా మంచిది. యుద్ధకాలపు నంబర్ ఫోర్ రకం ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లలో కొన్నిటికి రెండే గాడులు, వాటితో ఈ తిప్పలు లేవు.

స్లగ్ చెప్పేది బ్యారెల్ సంగతి. గొంతు, అంటే తూటా కూర్చునే ఛాంబర్ అయిపోయి గాడులు మొదలయ్యే చోటు, దాని కొలత కూడా కావాలంటే సెర్రోసేఫ్ అనే మిశ్రమ లోహం దొరుకుతుంది. దాదాపు 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్యే కరుగుతుంది, వేడినీళ్లతోనే పని అయిపోతుంది. ఛాంబర్‌లో పోసి గట్టిపడ్డాక తీసేయాలి. మొదట కుంచించుకుని, మళ్లీ మెల్లగా పెరిగి, పోసిన గంటకి అసలు కొలతకి వస్తుంది. అందుకే గంట ఆగి కొలవాలి. టీ తాగి రండి.

గాడి కొలత 0.314 వచ్చిందనుకోండి. గుండు దానికంటే ఒకటి, రెండు థౌలు పెద్దది ఉండాలి, అంటే 0.315 లేదా 0.316. పెద్ద గుండుని సైజింగ్ డై అనే బిగువు రంధ్రంలోంచి నొక్కి ఒకటి రెండు థౌలు తగ్గించవచ్చు. చిన్నగా పడ్డ గుండుని పెంచే ఉపాయం సులువుగా లేదు. కాబట్టి అనుమానం వస్తే పెద్ద అచ్చు వైపే మొగ్గండి. ఒక్క జాగ్రత్త. లావు గుండు పెట్టిన తూటా మెడ ఛాంబర్‌లో వదులుగా కూర్చోవాలి. అక్కడ బిగిసిపోతే గుండుని కేసు వదలలేదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. మిలిటరీ ఛాంబర్లు కాస్త విశాలంగానే ఉంటాయి, అయినా కొలవకుండా నమ్మకండి.

ఇప్పుడు మార్కెట్లో చూద్దాం. లీ ప్రెసిషన్ వాళ్ల సి312-185-1ఆర్ అనే అచ్చు ఉంది. సి అంటే అడుగున గ్యాస్ చెక్ అనే రాగి గిన్నె వేసే రకం, 312 వ్యాసం, 185 గ్రెయిన్ల బరువు. చవక, హ్యాండిల్‌తో సహా వస్తుంది. కొత్తవాళ్లందరూ దీంతోనే మొదలుపెడతారు. బిగువు బ్యారెల్ ఉన్నవాళ్లకి హాయిగా పనిచేస్తుంది. నా బ్యారెల్ వదులు, దానికి పనికిరాదు. అన్నట్టు ఈ లీకీ, లీ-ఎన్‌ఫీల్డ్‌లోని లీకీ సంబంధం లేదు. రైఫిల్ లీ జేమ్స్ పారిస్ లీ, అచ్చుల లీ విస్కాన్సిన్‌కి చెందిన రిచర్డ్ లీ. లైమన్ 314299 దాదాపు 200 గ్రెయిన్లు, ఈ రైఫిల్‌కి పేరున్న అచ్చు. ఇవి రెండూ చాలకపోతే అక్యురేట్ మోల్డ్స్ లాంటి చోట్ల డిజైన్ ఎంచుకుని, వ్యాసం మనమే చెప్పి చేయించుకోవచ్చు. నేను చివరికి అదే చేశాను. డబ్బు ఎక్కువే, కానీ మూడు తప్పు అచ్చులు కొనడం కంటే తక్కువ.

అచ్చు మీద రాసిన వ్యాసం కూడా ఒక షరతుతోనే నిజం. ఫలానా లోహం పోస్తే ఇంత అని. లైమన్ నంబర్ టూ అనే మిశ్రమంలో సీసం 90 శాతం, తగరం 5, ఆంటిమొనీ 5. అదే అచ్చులో శుద్ధ సీసం పోస్తే గుండు కాస్త సన్నగా, బరువుగా వస్తుంది. పాత ప్రింటింగ్ ప్రెస్సుల లైనోటైప్ లోహం పోస్తే లావుగా, తేలికగా వస్తుంది. తెలుగు పత్రికల అక్షరాలు కూడా ఒకప్పుడు ఈ కుటుంబం లోహంతోనే పోసేవారు. ఆంటిమొనీ ఉంటే చల్లారేటప్పుడు తక్కువ కుంచించుకుంటుంది, అక్షరం అంచు స్పష్టంగా వస్తుంది. గుండు అంచుకి కూడా అదే లాభం.

బరువు గురించి త్వరగా చెప్పేస్తాను. గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు, మన కంసాలి గురివింద గింజ ఎత్తులో ఇంచుమించు సగం. ఒక పౌండుకి 7,000. ఎన్‌ఫీల్డ్ మిలిటరీ గుండు 174 గ్రెయిన్లు, సెకనుకి దాదాపు 2,440 అడుగుల వేగం. సీసం గుండుని అంత వేగంతో తోలం. 1,600, 1,800 అడుగుల దగ్గర ఆగుతాం. ఈ రైఫిల్ గాడులు పది అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయి, 200 గ్రెయిన్ల పొడవాటి గుండుని కూడా స్థిరంగా తిప్పగలవు. 180 నుంచి 210 మధ్య ఏది తీసుకున్నా బరువు వల్ల మీరు నష్టపోరు.

ఆకారం దగ్గర మాత్రం ఆగాలి. రైఫిల్ గుండ్లలో బోర్ రైడర్ అని ఒక రకం. వెనక సగం గాడులు నింపేంత లావు, ముందు సగం సన్నగా గట్ల మీద ఆనుకుని జారేలా ఉంటుంది. 314299 ఈ రకమే. ముందు భాగం గట్లకి సరిగ్గా ఆనితే గుండు బ్యారెల్‌లో నిటారుగా నడుస్తుంది. ఆనకపోతే ముక్కు ఊగుతూ వెళ్తుంది, వెనక ఎంత సరిగ్గా ఉన్నా గురి కుదరదు. కాబట్టి స్లగ్ మీద గట్టు కొలత కూడా రాసుకోండి. చాలామంది దాన్ని వదిలేస్తారు.

లివర్ యాక్షన్ థర్టీ థర్టీ రైఫిల్ ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. సరే, మీకు వేరే నియమం. బ్యారెల్ కింద గొట్టం మ్యాగజీన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, ఒకదాని ముక్కు ముందున్నదాని ప్రైమర్‌ని తాకుతూ ఉంటుంది. మొనదేలిన గుండు పెడితే కుదుపుకి మ్యాగజీన్‌లోనే పేలవచ్చు. చదును ముక్కు అచ్చే కొనండి. దీనిలో బేరం లేదు.

గ్యాస్ చెక్ అంటే ఈ చిన్న రాగి గిన్నె. గుండు అడుగున తొడిగి బిగిస్తాం. గుండులో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ముక్కు కాదు, అడుగు. మూతి దగ్గర బ్యారెల్‌ని చివరగా వదిలేది అదే. అక్కడ అంచు ఒక పక్క గుండ్రపడి ఉంటే గ్యాస్ ఆ పక్క ముందు తప్పించుకుని గుండుని పక్కకి నెడుతుంది. పిస్తోలు వేగాలకి చదును సీసం అడుగు చాలు. రైఫిల్‌లో 1,500 అడుగులు దాటే ఉద్దేశం ఉంటే గ్యాస్ చెక్ ఉన్న అచ్చే తీసుకోండి.

గుండు మీది గాడుల్లో కొవ్వు పెడతాం. తేనెమైనం, ఆలాక్స్ అనే కందెన సమపాళ్లలో కలిపింది పాత నమ్మకమైన రెసిపీ. 1857 అనగానే మనకి కొవ్వు పూసిన తూటాలే గుర్తొస్తాయి. ఆ ఎన్‌ఫీల్డ్ వేరే, మూతి నుంచి దట్టించే 0.577 రైఫిల్, కానీ కొవ్వు ఉద్దేశం మాత్రం ఇదే, బ్యారెల్‌లో జారాలి, మురికి మెత్తబడాలి. దాని గుండు వ్యాసం మొదట 0.568 ఉండేది. మురికి పట్టిన బ్యారెల్‌లో దిగడం కష్టమవుతోందని 0.55కి తగ్గించారు. సైన్యాలు కూడా వ్యాసం దగ్గరే తలలు పట్టుకున్నాయి.

అచ్చు ఇనుమా, అల్యూమినియమా, ఇత్తడా అన్న ప్రశ్న. అల్యూమినియం త్వరగా వేడెక్కుతుంది, తేలిక, తుప్పు పట్టదు, కానీ మెత్తన. మొరటుగా మూస్తే అచ్చు రెండు సగాలని కలిపే పిన్నులు దెబ్బతింటాయి. ఇనుము మెల్లగా వేడెక్కి వేడిని నిలుపుకుంటుంది, నూనె రాయకుండా వదిలేస్తే వానాకాలంలో కథ ముగుస్తుంది. ఇత్తడి అందంగా ఉంటుంది, అరగంటకి మణికట్టు నొప్పి పుడుతుంది. రైఫిల్‌కి రెండు గుండ్ల అచ్చు చాలు. ఆరు గుండ్లది పిస్తోలు వాళ్లకి. మనం గంటలో వందలు పోయాల్సిన పని లేదు.

పోసేటప్పుడు ఎలా ఉంటుందో చూపిస్తాను, పొయ్యి వెలిగించను, భయపడకండి. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మనం 370, 400 మధ్య పోస్తాం. అచ్చు కూడా వేడిగా ఉండాలి. చల్లగా ఉంటే గుండు ముడతలు పడుతుంది, మరీ వేడెక్కితే మంచు పట్టినట్టు తెల్లగా వస్తుంది. పైన ఉన్న ఈ పలక స్ప్రూ ప్లేట్. పోసిన సీసం దాని మీద చిన్న మడుగులా నిలుస్తుంది. మెరుస్తున్న మడుగు ఒక్క క్షణంలో మసకబారుతుంది. ఇంకో రెండు మూడు సెకన్లు ఆగి చెక్క సుత్తితో ప్లేట్‌ని కొట్టాలి. తొందరపడితే సీసం ప్లేట్ మీద పూసుకుపోతుంది, గుండు అడుగు చిరుగుతుంది. ఇనుప సుత్తి మాత్రం ఎప్పుడూ అచ్చుకి తగలనివ్వకండి.

నీటి బొట్టు కరిగిన సీసంలో పడితే ఆవిరై సీసాన్ని మొహం మీదకి చిమ్ముతుంది. కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా, తోలు గ్లోవ్స్, గాలి ఆడే చోటు. గరాజ్ తలుపు మూసి పోసేవాళ్లని నేను మా ఇంటికి కూడా రానివ్వను. సీసం ఒంట్లోకి పోతే చిన్నపిల్లల మెదడుకి చేసే చేటు పోదు, కాబట్టి వంటింట్లో కాదు, వంట గిన్నెల్లో అసలే కాదు. ఆ బట్టలు విడిగా ఉతకండి. ఏడాదికోసారి రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించుకోండి. కారు చక్రాల బరువులు కరిగించేవాళ్లు జింకు ముక్కలు ఏరేయండి. జింకు 419 డిగ్రీల దాకా కరగదు, వేడి అదుపులో ఉంటే పైకి తేలుతుంది, చిల్లుల గరిటెతో తీసేయవచ్చు.

ఇక ప్రశ్నలు. అక్కడ తమ్ముడు అడుగుతున్నాడు, పాత అచ్చు గన్ షోలో చవకగా వస్తోంది, కొనొచ్చా అని. కొనొచ్చు. మూసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడు, రెండు ముక్కల మధ్య వెలుగు గీత కనిపిస్తే వదిలెయ్. లోపల తుప్పు గుంటలు, అంచుల మీద సుత్తి దెబ్బలు, వంగిన స్ప్రూ ప్లేట్ ఉన్నాయేమో చూడు. లోపల నల్లగా మసి ఉంటే భయం లేదు, అది కడిగితే పోతుంది. పాత అచ్చులు పేరుకన్నా ఒక థౌ అటూ ఇటూ పడుతుంటాయి. అమ్మేవాడి దగ్గర దాంతో పోసిన గుండు ఉంటే కొలిచి చూడు, మైక్రోమీటర్ జేబులో పెట్టుకుని వెళ్లు.

ఈ అమ్మ ప్రశ్న బాగుంది. కొవ్వు బదులు పౌడర్ కోటింగ్ వేస్తే, చిన్న అచ్చు పెద్దదవుతుంది కదా అని. అవుతుందమ్మా, కోటింగ్ వల్ల వ్యాసం ఒకటి రెండు థౌలు పెరుగుతుంది. ఒక థౌ లోటు ఉన్నవాళ్లని అది నిజంగానే గట్టెక్కిస్తుంది. కానీ కోటింగ్ ముక్కు మీద కూడా పడుతుంది. బోర్ రైడర్ ఐతే ముక్కు లావై గట్ల మధ్య ఇరుక్కుంటుంది, బోల్ట్ మూయడానికి బలం పట్టాల్సి వస్తే ఆ తూటా కాల్చకండి, తీసేయండి. కోటింగ్ వేసే ఉద్దేశం ముందే ఉంటే ముక్కు సన్నగా ఉన్న డిజైన్ ఎంచుకోండి, కోటింగ్ అయ్యాక సైజింగ్ డైలోంచి ఒకసారి తీయండి.